సీటు ఎత్తు

నలభై నాలుగేళ్ల వయసులో సైకిల్ నేర్చుకోవడానికి పెద్దమనుషులకు పెద్ద కారణాలు ఉంటాయి. గుండె, షుగరు, పర్యావరణం. నా కారణం అపార్ట్‌మెంట్ సంఘం వారి నోటీసు.

మేం ఉండేది నార్సింగి దగ్గర, తొమ్మిది టవర్లున్న సముదాయంలో. కింద రెండు సెల్లార్లు. రెండో సెల్లార్‌లో గోడ పొడవునా సైకిళ్లు నిలబడి ఉంటాయి. చాలావరకు జనవరిలో కొన్నవి, ఫిబ్రవరిలో ఆపేసినవి. వాడని సైకిళ్లు తీసేయండని సంఘం ఏటా అడుగుతుంది. వాడుతున్నామని అందరూ ఏటా జవాబిస్తారు. సీట్ల మీది దుమ్ము మాత్రం వేరే మాట చెబుతుంది. అందుకని ఈసారి సెక్రటరీగారు, ఆయన రిటైరైన ఇంజనీరు, మాటలు నమ్మడం మానేశారు. ప్రతి సైకిల్‌కూ పసుపు రిబ్బను కట్టించారు. మూడు వారాల తర్వాత వచ్చే ఆదివారం ఉదయం, ఇంట్లో ఎవరో ఒకరు ఆ సైకిల్ మీద క్లబ్‌హౌస్ చుట్టూ ఒక చుట్టు తొక్కి చూపించాలి. చూపిస్తే రిబ్బను కత్తిరించి స్టిక్కరు అంటిస్తారు. చూపించనివి హౌస్‌కీపింగ్ సిబ్బందికి పంచబడును.

అలా రిబ్బను కట్టినవాటిలో ఒకటి మా ఆవిడది.

ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. జ్వరమని ఇద్దరం దవాఖానకు వెళ్లాం. పదకొండో రోజు నేనొక్కణ్నే తిరిగి వచ్చాను. దాని గురించి ఇంతకంటే చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆమె నాకంటే రెండంగుళాలు పొడుగు. పెళ్లి ఫొటోల్లో నేను ఒక మెట్టు పైన ఉంటాను. ఫొటోగ్రాఫరు ఏదో వెలుతురు కారణం చెప్పాడు, మంచివాడు. ఆమె రోజూ నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లేది. పెళ్లిచూపుల్లో నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, మీకు సైకిల్ వచ్చా అని. వచ్చు అన్నాను. రాదు. చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్ లేదు, కొన్ననాటికి నాకు పడటానికి సిగ్గుపడే వయసు వచ్చేసింది. ఆ ఒక్క అబద్ధాన్నీ పదమూడేళ్లపాటు మోకాలి నొప్పి సాయంతో కాపాడుకున్నాను.

ఆమె పోయాక మా అత్తగారు కూకట్‌పల్లి నుంచి వచ్చి చీరలు పంచిపెట్టారు. అది పద్ధతి ప్రకారం జరిగింది. మిగతావి పద్ధతి లేకుండా జరిగాయి. పోపుల డబ్బాలు పై అరలోంచి కింది అరలోకి వచ్చాయి, నాకు అందాలి కాబట్టి. బాత్రూంలో అద్దం ఊడితే, మళ్లీ బిగించడానికి వచ్చినతను నన్ను నిలబెట్టి కొలత తీసుకున్నాడు. కారు సీటు మొదటి రోజే ముందుకు జరిపాను. వెళ్లేటప్పుడు జ్వరంతోనే ఆమె నడిపింది. జరపకపోతే నాకు బ్రేకు అందదు, ఆ రోజు దవాఖాన నుంచి ఇంటికి రావాలి. ఇలా ఒక్కొక్కటీ నా కొలతకు వచ్చేశాయి. ఒక ఆరు నెలలు గడిచాక, ఏదో పని మీద రెండో సెల్లార్‌లో సైకిళ్ల గోడ వైపు వెళ్లి ఆమె సైకిల్ పక్కన నిలబడ్డాను. సీటు నా నడుము దాటి పైకి ఉంది. మా ఇంటి వస్తువుల్లో ఆమె కొలతకు మిగిలింది అదొక్కటే అని అప్పుడు తెలిసింది. దాన్ని ముట్టుకోకుండా వెనక్కి వచ్చాను.

సైకిల్‌ను పైకి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు గదా అంటే, మేం పదిహేడో అంతస్తు, లిఫ్టులో సైకిళ్లు నిషేధం. ఆ నిషేధం కూడా సెక్రటరీగారిదే. ఆయనకు విషయం చెబితే తప్పకుండా మినహాయిస్తారు. మంచాయన. కాని చెప్పాలి. సంఘం యాప్‌లో, సైకిల్‌ను ఎందుకు ఉంచుకుంటున్నారో రాయడానికి ఒక గడి ఉంది. దానిలో వేలు పెట్టి పది నిమిషాలు కూర్చున్నాను. ఏం రాసినా పక్క టవరువాళ్లు కూడా నన్ను ఒక రకంగా చూస్తారు. చివరికి ‘వాడుతున్నాను’ అని రాశాను. పదమూడేళ్ల అలవాటు.

మర్నాడు పొద్దున్నే, ఆన్‌లైన్‌లో తెప్పించిన గాలి పంపు చంకన పెట్టుకుని కిందికి దిగాను. రెండేళ్లుగా కదలని సైకిల్ కదా. టైర్లు నొక్కి చూస్తే రాయిలా ఉన్నాయి. చైను మీద నూనె మెరుస్తోంది. పక్క సైకిళ్ల సీట్ల మీద వేలితో పేర్లు రాయొచ్చు, దీని మీద దుమ్ము లేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇలాంటిది ఆఫీసులో కనబడితే ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని ముగ్గురిని నిద్రపోనివ్వను. ఇక్కడ మాత్రం పంపు తీసుకెళ్లి మంచం కింద పెట్టేశాను.

ఎందుకంటే ఇది మొదటిసారి కాదు. అంతకుముందు చలికాలంలో, విమానం అందుకోవాలని తెల్లవారి ఐదున్నరకు కారు కోసం సెల్లార్‌లోకి వెళ్లాను. అక్కడి లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. ఆ చివర, సైకిళ్లున్న వైపు, ఒక లైటు వెలిగింది. తర్వాత దాని పక్కది. కారు చప్పుడు లేదు, అడుగుల చప్పుడూ లేదు. ఒక్కొక్కటిగా వెలుగుతూ ఐదో టవరు స్తంభం దాకా వచ్చి, మలుపు తిరిగి, వెనక ఒక్కొక్కటిగా ఆరిపోతూ వెళ్లిపోయాయి. మనిషి నడక కంటే కొంచెం వేగం. కారు కంటే చాలా తక్కువ. వెళ్లి చూసి ఉండొచ్చు. చూస్తే అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. అందుకే వెళ్లలేదు. ఆ తర్వాత విమానాలు లేని రోజుల్లో కూడా ఐదున్నరకు ఒకట్రెండు సార్లు కిందికి దిగి కార్లో కూర్చున్నాను. లైట్లు వచ్చేవి, పోయేవి. దీన్ని నేను దయ్యం అనలేదు. చదువుకున్నవాణ్ని.

ఇక నేర్చుకోవడం. ఆరింటికి ఒక్కణ్నే రెండో సెల్లార్‌లో సైకిల్ బయటికి లాగి, సీటు ఎక్కబోయాను. ఒక కాలు ఎత్తేసరికి రెండో కాలికి నేల అందలేదు. నేనూ సైకిలూ పక్కన ఉన్న ఖరీదైన కారును గౌరవంగా తప్పించి గోడ మీద పడ్డాం.

"ఏంది సారు, గిట్ల పడ్డరు?"

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. యాభై దాటి ఉంటాయి. నార్సింగి ఊరి మనిషి. బాగా పొడుగు, నీలం యూనిఫాం చీర ఆమెకు చీలమండల పైనే ఆగిపోతుంది. మేమంతా ఆమెను అక్కా అంటాం. చేతిలో చీపురు లేదు, బకెట్టు లేదు. ఆ వేళకు అక్కడ ఆమెకు పనేమిటో నాకు తట్టలేదు.

"నేర్చుకుంటున్నానక్కా."

"గీ వయసుల?"

"ఇంతకంటే చిన్న వయసు దొరకలేదు."

ఆమె నవ్వలేదు. సైకిల్ లేపి, హ్యాండిల్ సరిచేసి, నన్ను కింది నుంచి పై దాకా కొలిచింది. "సీటు దింపాలె సారు. కాళ్లు కింద ఆనకుంటే ఎట్ల వస్తది? జర ఆగుండ్రి, నేను దింపుత."

సీటు కింద బిగించే పిడి మీద ఆమె చేయి పడగానే నేను ఆ చేయి పట్టుకున్నాను. అలా పట్టుకోవడం మర్యాద కాదు. వదిలేశాను. "వద్దక్కా. సీటు అట్లనే ఉండాలె."

"మీరు సీటెక్కలేరు గద?"

"ఎక్కను. సీటు లేకుండా నేర్చుకుంటా."

ఒక్క క్షణం ఆలోచించి, సరే అంది. చిన్నప్పుడు తను తండ్రి పెద్ద సైకిల్ మీద పాల క్యాన్లు కట్టుకుని గండిపేట దాకా వెళ్లేదట, తనకూ అప్పుడు సీటు అందేది కాదట. మా ఆవిడ సైకిల్‌కు మధ్యలో కడ్డీ లేదు కాబట్టి నాకు పని సులువంది. ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలితో నేలను నెట్టుకుంటూ పోవాలి. బండి నిలబడటం తెలిశాక రెండో కాలు కూడా పెడలు మీదికి తెచ్చి, నిలబడే తొక్కాలి.

"వెనక పట్టుకుంటావా అక్కా?"

"పట్టుకుంటే రాదు సారు. పడితెనే వస్తది."

రెండు వారాలపాటు పొద్దున్నే ఆ విద్యను అభ్యసించాను. మోకాళ్ల నొప్పి అనే అబద్ధం నెమ్మదిగా నిజమైంది. ఆఫీసులో చేతికి కట్టు చూసి ఏమైందని అడిగితే జిమ్ అన్నాను, అందరూ గౌరవించారు. నిలబడి తొక్కుతుంటే సీటు వెనక నుంచి నా నడుములో పొడుస్తూ ఉండేది. పడబోయే ముందు ఒక పోటు, నిలదొక్కుకున్నాక ఒక పోటు. ఆ పోట్లను నేను ఒకరి మాటలుగా వినడం మొదలుపెట్టాను. ముందు చూడు. హ్యాండిల్ అంత గట్టిగా పట్టుకోకు. వచ్చన్నావుగా. పదో రోజున నాలుగో టవరు నుంచి ఆరో టవరు దాకా పడకుండా వెళ్లాను. నా వెంట లైట్లు ఒక్కొక్కటిగా వెలిగాయి. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కొక్కటిగా ఆరిపోతున్నాయి. వెనక్కి చూడటం వల్ల వెంటనే పడ్డాను.

అక్క మాత్రం రోజూ ఒకే మాట. "సీటు దింపుకుంటే ఒక్క దినంల వస్తది సారు. ఎందుకీ పరేషాన్?" ఒకరోజు మోచేయి చీరుకుపోయి కూర్చున్నప్పుడు మళ్లీ అదే అంటే, ఇక దాచడానికి ఓపిక లేక చెప్పాను. ఇంట్లో అన్నీ నా కొలతకు మారిపోయాయని, ఇదొక్కటే ఆమె కొలతకు మిగిలిందని. అందుకే ఈ సైకిల్ పోకూడదని, పోకుండా ఉన్నా సీటు దిగకూడదని.

అక్క నా మోచేయి వైపు చూసింది, సీటు వైపు చూసింది, పనుందని వెళ్లిపోయింది. తర్వాత మూడు రోజులు కిందికి రాలేదు. కంటతడి దాచుకోవడానికి వెళ్లిందనుకున్నాను. నా బాధ ఎదుటివాళ్లను కదిలిస్తుందని నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

శనివారం వచ్చింది. మర్నాడే పరీక్ష. అక్క సీటు మీద చేయి పెట్టి నిలబడింది.

"సారు, ఒక మాట చెప్త. సెక్రటరీ సారుకు చెప్పొద్దు. కొలువు పోతది."

"చెప్పను."

"ఈ సీటు మేడమ్‌ది గాదు. నాది."

నాకు అర్థం కాలేదు.

"తొమ్మిది టవర్లు సారు. తొమ్మిది చెత్త రూములు. పొద్దుగాల ఐదింటికి అన్నీ చూడాలె. నా మోకాళ్లు మీ మోకాళ్ల లెక్క గావు, నిజంగ నొస్తయి. మేడమ్ ఉన్నప్పుడే రెండు మూడుసార్లు ఇచ్చింది, తీస్కపో అక్కా, పదింటి దాంక నాకు పని లేదు అని. మేడమ్ పోయినంక రెండు నెలలు ముట్టలే. ఊకెనే నిలబడితే టైర్లు పాడైతయి గద. గాలి నేనే కొట్టిస్తున్న, నూనె నేనే పెడుతున్న. సీటు నాకు కురచైంది. పైకి జరిపిన."

"తెల్లారి ఐదున్నరకు, ఆ చివర లైట్లు..."

"నేనే సారు. ఎందుకు, ఎవరన్న కంప్లయింట్ ఇచ్చిన్రా?"

"లేదు."

అలా నా దయ్యానికి యూనిఫాం, ఐడీ కార్డు, మోకాళ్ల నొప్పి వచ్చాయి. ఎవరైనా ఊపిరి పీల్చుకోవాల్సిన సమయం. నేను నేల మీద కూర్చున్నాను. "ముందు ఎంత ఎత్తులో ఉండేదక్కా?" అని అడిగాను.

"గంత యాదికి లేదు సారు."

"గొట్టం మీద గీత ఏమన్నా..."

"తుప్పు పట్టిందని గీకి నూనె రాసిన." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "నాకేం తెలుసు సారు. తెలిస్తే గుర్తు పెట్టకపోదునా."

పోయినేడాదో, అంతకు ముందో, నేను పైన పదిహేడో అంతస్తులో నిద్రపోతున్న ఏదో ఒక పొద్దున, ఒక పాత గుడ్డతో అది తుడుచుకుపోయింది. ఆ తర్వాత నేను కాపలా కాసిందంతా అక్క ఎత్తుకు. అక్క మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. సైకిల్ బాగుంది. ఈ రెండేళ్లూ దాన్ని చూసుకున్నది ఆమె, కార్లో కూర్చుని లైట్లు చూసింది నేను.

"ఒకటి చెప్పు. తొక్కి చూపించని సైకిళ్లు మీకే పంచుతారట గదా. మరి నాకెందుకు నేర్పావు?"

"మాకు కూడ కాగితం ఇచ్చిన్రు, ఎవరికి ఏది గావాలో రాయమని. నేను ఇదే రాయించిన." దాచకుండా చెప్పింది. "ఫస్టు దినం మిమ్మల్ని సూసినప్పుడు, ఈయన తొక్కేది లేదు, ఇగ నాదే అనుకున్న. గని మీరు పడుడు సూస్తె పానం ఒప్పలే. మేడమ్ కూడ అన్నది ఒకపారి."

"ఏమన్నది?"

"మా సారుకు సైకిల్ రాదు అక్కా, వచ్చని చెప్తడు, నేను అడుగుత లేను, పాపం అని."

దీని గురించి కూడా ఇంతకంటే చెప్పలేను. ఆ సెల్లార్‌లో మా పెళ్లి గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఉందని, ఆమె రోజూ నా చెత్త తీసుకెళ్తోందని మాత్రం తెలిసింది.

లైట్లు ఆరిపోయాయి. ఇద్దరం కదలకుండా ఉన్నాం కాబట్టి. అక్క చేయి ఊపింది, మళ్లీ వెలిగాయి.

"మేడమ్ నీకంటే పొట్టి కదా?"

"జర పొట్టి. మీకంటే పొడుగు. మన ఇద్దరి నడుమల ఎక్కడనో ఉండె సారు సీటు."

లేచి పిడి వదులు చేశాను. అక్క సాయం చేయబోతే వద్దన్నాను. సీటు మీద అరచేయి పెట్టి నొక్కితే నూనె రాసిన గొట్టం చప్పుడు లేకుండా లోపలికి దిగింది. నడుమల ఎక్కడో ఆమె ఎత్తును దాటింది. అదెక్కడో నా చేతికి తెలియలేదు. నా కాలు నేలకు ఆనే చోట ఆపి, బిగించి, మూడు వారాల్లో మొదటిసారి కూర్చున్నాను. పది నిమిషాల్లో తొక్కడం వచ్చేసింది. ఇందులో ఏదైనా నీతి ఉందేమో, నేను వెతకలేదు.

ఆదివారం క్లబ్‌హౌస్ ముందు టెంటు వేసి, బల్ల పరిచి, కత్తెరతో సెక్రటరీగారు కూర్చున్నారు. నా ముందు ఒక పెద్దాయన మనవరాలి గులాబీ రంగు సైకిల్ మీద మోకాళ్లు చెవులకు ఆనించి చుట్టు పూర్తిచేసి స్టిక్కరు తీసుకున్నారు. నేనూ తిరిగి వచ్చాను. పడలేదు. పూలకుండీ ఒకటి కొంచెం జరిగింది.

"బాగుందండి, బాగుంది. చెయిన్ ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ. మీలాంటివాళ్ల కోసమేనండి ఈ రూలు." రిబ్బను కత్తిరించి, స్టిక్కరు మీద ఫ్లాట్ నంబరు రాసి, "వాడేది మీరొక్కరేనాండి?" అన్నారు.

"ఇకనుంచి ఇద్దరం." జరిగింది చెప్పలేదు, అక్క పేరు మాత్రం చెప్పాను.

ఆయన కలం ఆగింది. "ఆవిడ స్టాఫ్ కదండీ. రెసిడెంట్ సైకిల్ స్టాఫ్ వాడొచ్చని రూల్లో ఎక్కడా లేదండి."

"వాడకూడదని ఉందాండి?"

ఆయన నోటీసు తీసి మొదటి పేజీ చదివారు, రెండో పేజీ చదివారు, మళ్లీ మొదటికి వచ్చారు. నా వెనక వరుస పెరిగింది. చివరికి అక్క పేరు కూడా రాశారు, చిన్న అక్షరాలతో.

టెంటు అవతల చెత్త బండి దగ్గర నిలబడి అక్క ఇదంతా చూసింది. నేను దగ్గరికి వెళ్లగానే, "కుండీని గుద్దిన్రు," అంది.

ఇప్పుడు ఏర్పాటు ఇది. ఐదు నుంచి ఆరున్నర దాకా సైకిల్ అక్కది. ఏడింటికి నాది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ల కోసం వేసిన దారి మీద, సోలార్ పలకల నీడలో, ఆఫీసు టైమయ్యే దాకా. నేను కిందికి వెళ్లేసరికి సీటు అక్క ఎత్తులో ఉంటుంది. పిడి వదులు చేసి నా ఎత్తుకు దింపుకుంటాను. మొత్తం కలిపి జానెడు కంటే ఎక్కువ ఉండదు. ఒక్క నొక్కుకు దిగుతుంది, కాని నేను అలా దింపను. అరచేయి ఆనించి, బరువు వేయకుండా, నడుమల ఎక్కడో ఉన్న ఆ చోటు మీదుగా కొంచెం కొంచెంగా దింపుతాను. పక్కన కార్లు తీసుకునేవాళ్లు చూసి సీటు బిగుసుకుపోయిందనుకుంటారు. ఒకరిద్దరు ఆగి మరీ నూనె వేయించమని సలహా ఇచ్చారు. వేయిస్తానన్నాను.